జెండా పండక్కి పంచాయతీ ఖర్చు పాత రేటు వంద, కొత్త రేటు పది వేలు. మీ ఊళ్లో ఏం చేశారు?

రాములవారి వీధి
ఆగస్టు 16, ఉదయం

నిన్న, 2025 జెండా పండక్కి, ఊళ్లోనే ఉన్నా. శుక్రవారం జెండా, శనివారం కృష్ణాష్టమి, ఆదివారం ఎలాగూ ఆదివారమే, గురువారం రాత్రి హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులన్నీ సంక్రాంతి లెవెల్లో కిటకిటలాడాయి, దేశభక్తి అనుకునేరు, లాంగ్ వీకెండ్ అండీ బాబూ.

మా పంచాయతీ ఆఫీసు దగ్గర ఎనిమిదింటికి అన్నారు, ఎనిమిదీ ముప్పావుకి మొదలైంది ఎందుకంటే సర్పంచ్ గారు రావాలి. నిజానికి సర్పంచ్ గారు ఎప్పుడో వచ్చేసి అరుగు మీద కూర్చునుంది పాపం, రావాల్సింది ఆవిడ భర్త. ఆయన బండి దిగాకే జనం లేచి నిలబడ్డారు. తాడు ఆవిడ చేతికిచ్చారు, లాగింది, ముడి ఊడలేదు. మళ్ళీ లాగింది, జెండా మూట అలాగే ఉంది గానీ లోపల పెట్టిన బంతిపూల రెక్కలు సందులోంచి రెండేసి మూడేసి రాలడం మొదలెట్టాయి. ఈలోగా మైకు కుర్రాడు ఆత్రం ఆపుకోలేక జనగణమన పెట్టేశాడు, ఇంకేముంది అందరూ అటెన్షన్‌లో బిగుసుకుపోయారు, కదలకూడదు, కళ్ళు మాత్రం పైకి. భర్తగారు పెదాలు కదపకుండా 'అలా కాదెహే ఇటు లాగు ఇటు లాగు' అంటున్నాడు. జయహే దాకా వచ్చేసరికి చెత్తబండి నడిపే గ్రీన్ అంబాసిడర్ ఒకాయన చక్కా ముందుకొచ్చి కర్ర మొదట్లో పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు, విచ్చుకుంది.

తర్వాత ఉపన్యాసంలో ఎమ్మెల్యే గారికీ ఎంపీ గారికీ మంత్రిగారికీ మండల నాయకుడికీ ధన్యవాదాలు చెప్పారు. కర్ర ఊపినాయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎదురుచూళ్ళేదు, బూందీ పొట్లం జేబులో పెట్టుకుని బండేసుకుని పోయాడు.

అసలు విషయం. మా చిన్నప్పటి నుంచి ఆంధ్రలో పంచాయతీకి జెండా పండక్కి వంద రూపాయలే ఇచ్చేవారట, పోయినేడాది పది వేలు చేశారు కదా. పది వేలు వచ్చాక మా ఊళ్లో తేడా ఏంటంటే పప్పుబిళ్లల బదులు బూందీ, వేపచెట్టు నీడ బదులు షామియానా, మైకుకి రెండు స్పీకర్లు ఎక్స్‌ట్రా. తాడు మాత్రం పాతదే, అందుకే ముడి రాలేదు. మీ ఊళ్లో ఆ పది వేలు ఏమయ్యాయో చెప్పండి సరదాగా.


ట్రెజరీ మాస్టారు
ఆగస్టు 16, ఉదయం

వీధి గారూ, వంద అన్నది మైనర్ పంచాయతీకి. మేజర్ పంచాయతీ అయితే 250. ఈ రేటు 34 ఏళ్ళపాటు కదల్లేదు. పోయిన ఏడాది ఆగస్టులో పవన్ కళ్యాణ్ గారు పంచాయతీరాజ్ మంత్రి హోదాలో, 5 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలకి 10 వేలు, ఆపైన ఉన్నవాటికి 25 వేలు చేశారు. రిపబ్లిక్ డేకి కూడా అంతే. ఆయన రాజకీయం నచ్చినా నచ్చకపోయినా ఈ ఒక్క పనికి నేను దండం పెడతాను, కారణం ఉంది.

నేను సర్వీసులో ఉండగా ఒక పంచాయతీ వాళ్ళు ఆగస్టు 15కి 104 రూపాయలు ఖర్చు రాశారు. ఆ పై నాలుగు రూపాయల మీద ఆడిట్ అభ్యంతరం. సంజాయిషీ ఇవ్వమని ఒక లెటర్, ఇచ్చిన సంజాయిషీ చాలదని ఇంకో లెటర్, చివరికి సెక్రటరీ ఆ నాలుగు జేబులోంచి కట్టి చలానా జతచేశాడు. పోస్టేజీకే అంతకన్నా ఎక్కువైంది. అదే ఏడాది అదే మండలంలో ఒక మంత్రిగారి శంకుస్థాపనకి హెలిప్యాడ్ వేశారు, దాని మీద ఎవరూ ఏ లెటరూ రాయలేదు. శంకుస్థాపన రాయి ఇప్పటికీ ఉంది, వంతెన లేదు.


వేరుశనక్కాయ
ఆగస్టు 16, మధ్యాహ్నం

మాది అనంతపురం పక్క పల్లె. యాడ పదివేలు సామీ, కాగితం మీద పదివేలు. మా పంచాయతీలో జనరల్ ఫండ్‌లోంచే తీసుకోమన్యారంట, ఆ ఫండ్‌లో ఏముండాదో చూస్తే కదా తీసుకునేది. ఇంటి పన్ను కట్టేవాళ్ళు సగం లేరు. మా మామ సర్పంచే, గౌరవ వేతనం నెలకి 3 వేలు, అది కూడా ఎప్పుడొస్తాదో తెలీదు. కేంద్రం ఇచ్చే ఫైనాన్స్ కమిషన్ డబ్బులొచ్చినాయని పొద్దున మెసేజ్ వస్తే సాయంత్రానికి కరెంటు బకాయిల కింద పాత గవర్మెంటే పట్టుకోని పోయె. అప్పట్లో సర్పంచులు పార్టీలకతీతంగా రోడ్డెక్కింది అందుకేగా, అధికార పార్టీ సర్పంచులే బిచ్చమెత్తి నిరసన చేసినారు.

ఆ గవర్మెంటు టైములోనే రంగులకి మాత్రం డబ్బుండె చూడు. పంచాయతీ బిల్డింగు, వాటర్ ట్యాంకు, బోరింగు, ఆఖరికి చెత్త కుండీకి కూడా పార్టీ రంగులే. మా జిల్లాలోనే ఒక ఊళ్లో గోడమీద ఉండే జాతీయ జెండా మూడు రంగుల మీద కూడా పార్టీ రంగు కొట్టేసి టీవీల్లో రచ్చయితే మళ్ళా మూడు రంగులు కొట్టినారు. 2020 మార్చిలో హైకోర్టు తీసేయమనె, సుప్రీం దాకా పోయినారు, జూన్‌లో అక్కడా కాదనిరి. కొట్టిన రంగుకో బిల్లు, తుడిచిన రంగుకో బిల్లు, లాయరుకో బిల్లు. పెయింటు షాపోడు మాత్రం మేడ మీద మేడ కట్టినాడు మా టౌన్లో.


పచ్చబొట్టు
ఆగస్టు 16, మధ్యాహ్నం

రంగులు ఒక్కళ్ళే వేశారా? అంతకుముందు వాళ్ళ టైములో పసుపు లేదా? ఇప్పుడు మళ్ళీ అన్న క్యాంటీన్లకి ఏ రంగు వేశారో చూశావా శనక్కాయ్? ఒక కన్నే తెరుస్తావా


వేరుశనక్కాయ
ఆగస్టు 16, మధ్యాహ్నం

రెండు కండ్లూ తెరిసే చూస్తాండా పచ్చబొట్టన్నా. అందుకే మా ఇంటికి సున్నం కొట్టుకుంటాండా, ఎవురొచ్చినా అడగరు.


టీచరమ్మ
ఆగస్టు 16, సాయంత్రం

పంచాయతీకి పది వేలన్నా పెంచారు, బడి సంగతి ఎవరికైనా గుర్తుందా? మా స్కూల్లో నిన్న జెండాకి అయిన ఖర్చు హెచ్చెమ్ గారూ మేమూ తలా ఇంత వేసుకున్నాం. పిల్లలు 84 మంది, బిస్కెట్ ప్యాకెట్లు, చాక్లెట్లు, ముగ్గులకి రంగులు, ఆటల్లో గెలిచినవాళ్ళకి స్టీలు గ్లాసులు. ప్రైజుకి ఎప్పుడూ స్టీలు గ్లాసే ఎందుకిస్తామో మొన్న ఒక పిల్లాడు అడిగాడు, ఇంట్లో ఇప్పటికి నాలుగయ్యాయంట వాడికి.

ఖర్చు పోనీ, అది మనస్ఫూర్తిగానే పెడతాం. ఫోటోల గోల మాత్రం భరించలేకపోతున్నాను. 2022లో హర్ ఘర్ తిరంగా మొదలైనప్పటి నుంచీ జెండాతో సెల్ఫీ దిగి వెబ్‌సైట్లో ఎక్కించాలి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి గ్రూపులో పెట్టాలి. ఈసారి కూడా రెండో తారీఖు నుంచే మొదలెట్టారు. ర్యాలీ ఫోటో, ప్రతిజ్ఞ ఫోటో, జెండా ముందు ఫోటో, జెండా తర్వాత ఫోటో. నెట్ రాదు మా ఊళ్లో, నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితే రెండు గీతలు వస్తాయి. నిన్న జెండా ఎగరేసి పిల్లలు దేశభక్తి గీతం పాడుతుంటే మా సార్ ఒకాయన ట్యాంకు మెట్ల మీద నిలబడి అప్‌లోడ్ చేస్తున్నారు, కింద నుంచి ఒకటో తరగతి పిల్లలు సార్ దూకేస్తారేమో అని చూస్తున్నారు.

అన్నట్టు ఆగస్టు 2 పింగళి వెంకయ్య గారి జయంతి. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టినాయన, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీగారికి జెండా నమూనా చూపించినాయన, 1963లో పోయేనాటికి ఆయన పరిస్థితి ఎంత కటికగా ఉందో అందరికీ తెలిసిందే. ఆయన జయంతికి కూడా ఫోటో అప్‌లోడ్ చేశాం. ఫోటోకి పూలదండ వేసిన ఫోటో.


సిరిసిల్ల మగ్గం
ఆగస్టు 16, రాత్రి

ఈ త్రెడ్ల జెండా కుట్టినోళ్ళు ఎవ్వరు లేరనుకుంట, అందుకే నేనొచ్చిన.

2022ల వజ్రోత్సవాలు అని తెలంగాణ గవర్నమెంటు ఇంటింటికి జెండా పంచింది, 1 కోటి 20 లక్షల జెండాలు. అండ్ల మా దిక్కు మగ్గాలకు కూడ ఆర్డర్ వచ్చింది. ఆ నెల రోజులు రాత్రి పగలు నడిచినయి. నిజం చెప్పాల్నంటే మాకు అసలైన పండుగ అదే, ఆగస్టు 15 గాదు, ఆర్డర్ వచ్చిన రోజు. అంతకు ముందు ఏడాది డిసెంబర్‌లనే ఫ్లాగ్ కోడ్ మార్చిర్రు, ఖద్దరే ఉండాలె చేత్తోనే నెయ్యాలె అన్నది తీసి పాలిస్టర్ గూడ పెట్టొచ్చు, మిషన్ మీద గూడ చెయ్యొచ్చు అన్నరు. ఖాదీ వాళ్ళు లబోదిబోమన్నరు, అది వాళ్ళ కడుపుకోత. మాకేమో పవర్‌లూమ్ కాబట్టి నడిచింది. ఒకని పండుగ ఇంకొకని దినాలు ఈ దేశంల.

తర్వాత ఏమైందో గది గూడ చెప్త. బతుకమ్మ చీరలని 2017 నుంచి ఏటా కోటి చీరల దాకా మా దగ్గర్నే నేయించిర్రు, తర్వాత తర్వాత ఏటా మూడు వందల కోట్ల పైన ముచ్చట. మొదటి ఏడాది సూరత్ చీరలు కలిపి పంచిర్రని ఆడోళ్ళు కొన్నిచోట్ల కాలవెట్టిర్రు గూడ. 2024ల కొత్త సర్కారు అది బంద్ వెట్టింది. బిల్లుల బకాయిలు మాత్రం బంద్ గాలే, అట్లనే ఉన్నయి చాన రోజులు. మా కాక ఒకటే మాట అంటడు, సర్కారు మారితే చీర రంగు మారుతది, మగ్గం మీద బాకీ మారది.


డల్లాస్ బాబాయ్
ఆగస్టు 17

ఎంత బాగా రాస్తున్నారయ్యా, ఇక్కడ కూర్చుని చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి నవ్వి నవ్వి. మా సబర్బ్‌లో జులై 4 బాణాసంచాకి ఎంత పెట్టాలో సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో పబ్లిక్‌గా చర్చ పెట్టారు తెలుసా, ఎవరైనా వెళ్ళి మైకు దగ్గర మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. ఒకావిడ లేచి మా కుక్కకి భయం అని మూడు నిమిషాలూ కుక్క గురించే మాట్లాడింది, అందరూ శ్రద్ధగా విన్నారు. మన దగ్గర గ్రామసభలో ఇలా బడ్జెట్ చర్చించే రోజు ఎప్పుడొస్తుందో.


రాములవారి వీధి
ఆగస్టు 17

బాబాయ్ గ్రామసభలు మాకూ జరుగుతాయి. పోయినేడాది ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభ పెట్టి రికార్డు కూడా కొట్టారు. మా ఊరి సభకి నేనూ వెళ్ళా. మా పెదనాన్న లేచి డ్రైనేజీ గురించి మాట్లాడాడు, మూడు నిమిషాలు కాదు ఇరవై నిమిషాలు మాట్లాడాడు, అందరూ శ్రద్ధగా విన్నారు, తీర్మానం రాశారు, సంతకాలు పెట్టారు. డ్రైనేజీ అలాగే ఉంది. మీ కుక్క సంగతేమైంది, బాణాసంచా ఆపారా?


డల్లాస్ బాబాయ్
ఆగస్టు 17

ఆపలేదు. ఇంకో ఐదు నిమిషాలు పెంచారు.


ట్రెజరీ మాస్టారు
ఆగస్టు 17, రాత్రి

నాకు చాలా కాలంగా ఒక విషయం చెప్పాలని ఉంది, సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, కొంచెం పొడుగు, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మన ప్రభుత్వాల దృష్టిలో జాతీయ పండగంటే డెడ్‌లైన్. గమనించారా? తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న, రైతు బీమా ఆ చుట్టుపక్కలే. ఇక్కడ గ్రామ వాలంటీర్లు 2019 ఆగస్టు 15న, గ్రామ సచివాలయాలు అదే ఏడాది అక్టోబర్ 2న. కొత్త జిల్లాల డ్రాఫ్ట్ నోటిఫికేషన్ 2022 రిపబ్లిక్ డే ముందు. అన్న క్యాంటీన్లు మళ్ళీ తెరిచింది 2024 ఆగస్టు 15న గుడివాడలో. అదే రోజు అటుపక్క వైరాలో రేవంత్ రెడ్డి గారు మూడో విడత రుణమాఫీ, ఆయనైతే పార్లమెంటు ఎన్నికల ప్రచారంలో ఏ ఊరికెళితే ఆ ఊరి దేవుడి మీద ఒట్టేసి ఆగస్టు 15 అన్నారు, యాదగిరిగుట్ట నరసింహస్వామి దగ్గర్నుంచి అందరు దేవుళ్ళూ పూచీకత్తు ఉన్నారు. ఢిల్లీ తక్కువేం కాదు, స్వచ్ఛ భారత్ 2014 అక్టోబర్ 2. మొన్న శుక్రవారం స్త్రీశక్తి ఉచిత బస్సు.

దీనివల్ల నష్టమేంటి అంటారా. పథకం ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు మొదలవదు, తారీఖు వచ్చింది కాబట్టి మొదలవుతుంది. మే నెలలోనే సిద్ధమైంది ఆగస్టు దాకా అటక మీద ఉంటుంది, ఆగస్టుకి సిద్ధం కానిది సగం ఉడికి బయటికొస్తుంది. ట్రెజరీలో మాకు జులై నెలాఖరు నుంచి నరకం. మిగతా బిల్లులన్నీ తొక్కిపెట్టి ఆ ఒక్క పద్దుకి డబ్బు సర్దాలి, లేదంటే 15న స్టేజీ మీద బటన్ నొక్కితే ఏమీ పడదు. అప్పుడు తొక్కిపెట్టిన బిల్లుల్లో ఏముంటాయో తెలుసా, ఆసుపత్రి డైట్ కాంట్రాక్టర్ బిల్లు, హాస్టల్ పిల్లల కాస్మెటిక్ చార్జీలు, రిటైరైనవాడి గ్రాట్యుటీ. చివరిది స్వానుభవం.


కంకిపాడు కోడలు
ఆగస్టు 18

మాస్టారూ మీరు చెప్పింది కరెక్టే కానీ ఉచిత బస్సు మీద మాత్రం నన్నేం అనమాకండి, నేను నిన్న మా పుట్టింటికెళ్ళొచ్చా. ఆధార్ చూపించా, జీరో టికెట్ కొట్టిచ్చాడు. దాని మీద అసలు ఛార్జీ ఎంతో, ప్రభుత్వం ఎంత భరిస్తుందో కూడా రాసుంది. ఆ టికెట్టు పారేయబుద్ధి కాలేదు, పర్సులో పెట్టుకున్నా. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు, సిటీ బస్సుల్లో ఉంది, సూపర్ లగ్జరీకి లేదు.

మా మావగారు మాత్రం బస్సు నిండా ఆడవాళ్ళే, కూర్చోడానికి సీటు లేదు, మాకెప్పుడు స్వాతంత్ర్యం అని సణుగుతున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళు ఆయనే కిటికీ పక్కన కూర్చున్నారు, ఇప్పుడు కాసేపు నిలబడితే ఏమైంది అన్నా. మా ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు, నవ్వుకి.


సిరిసిల్ల మగ్గం
ఆగస్టు 18

మాకు 2023 డిసెంబర్ నుంచే ఫ్రీ బస్సు. సీట్ల కోసం కొప్పులు వట్టుకున్న వీడియోలు మేము ఆల్రెడీ చూసినం, మీరు ఇప్పుడు చూస్తరు.

ఇంకో ముచ్చట. మీరంత ఆగస్టు 15 ఆగస్టు 15 అంటున్నరు గని మా తెలంగాణకు స్వాతంత్ర్యం 13 నెలలు లేట్. 1948 సెప్టెంబర్ 17. ఆ దినం ఏమని జేస్కోవాల్నో ఇప్పటిదాక తెగలే. కేంద్రం వాళ్ళు విమోచనం అంటరు, 2022ల కేసీఆర్ సమైక్యత అన్నడు, ఇప్పుడు కాంగ్రెసోళ్ళు ప్రజా పాలన దినోత్సవం అంటున్నరు. 2022ల అయితే ఒక్కటే పొద్దున ఒక్కటే పట్నంల పరేడ్ గ్రౌండ్‌ల అమిత్ షా ఒక జెండా, పబ్లిక్ గార్డెన్‌ల కేసీఆర్ ఒక జెండా. రెండు షామియానాలు, రెండు మైకులు, రెండు బందోబస్తులు, పోలీసోడు మాత్రం ఒక్కడే, అటురికి ఇటురికె. సాయుధ పోరాటంల జైలుకు వోయిన మా తాత ఏ పేరుతో పిలిచిర్రో చూడకుంట రెండు దిక్కుల శాలువా కప్పించుకునేటోడు బతికుంటె.

దాని తర్వాత ఏడాది దశాబ్ది ఉత్సవాలు. జూన్ 2 నుంచి 22 దాక, 21 రోజులు. రోజుకో శాఖ. చెరువుల పండుగ ఒకరోజు, కరెంటు పండుగ ఒకరోజు, రైతు పండుగ ఒకరోజు. కలెక్టర్లకు 105 కోట్లు ఇచ్చిర్రు. ఎండలు మండంగ చెరువు కట్ట మీద బతుకమ్మ ఆడిచ్చి కట్ట మీదనే భోజనాలు వెట్టిర్రు. తిండి మంచిగనే ఉండె, అబద్ధం ఎందుకు. ఎలక్షన్ల ఓడిపోయిర్రు అది వేరే సంగతి.


వేరుశనక్కాయ
ఆగస్టు 18

మీకు పేరే కదా తెగంది, మాకు తారీఖే లేదబ్బా. ఆంధ్ర రాష్ట్రం పుట్టింది 1953 అక్టోబర్ 1, అప్పుడు మా కర్నూలు రాజధాని. ఆంధ్రప్రదేశ్ పుట్టింది 1956 నవంబర్ 1, రాజధాని హైదరాబాద్‌కి పాయె. విడిపోయింది 2014 జూన్ 2. చంద్రబాబు జూన్ 2న నవ నిర్మాణ దీక్ష అని వారం రోజులు ప్రతిజ్ఞలు చేయించె, జగన్ వచ్చి 2019లో నవంబర్ 1కి మార్చె. పిల్లోడు పుట్టినరోజు కేకు ఎప్పుడు కోయాల్నో తెలీక కొవ్వొత్తి పట్టుకోని నిలబడ్నట్ట ఉండాది రాష్ట్రం.

పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు పస్తులుండి పోయినారు 1952 డిసెంబర్ 15న. ఆయన పోయింది దేనికో దానికి కచ్చితమైన పండగ రోజు లేదు, మా పల్లెలో మాత్రం ఎమ్మెల్యే పుట్టినరోజుకి ఫ్లెక్సీ లేని కరెంటు స్తంభం లేదు.


పచ్చబొట్టు
ఆగస్టు 18

ఏ ఎమ్మెల్యే? పేరు చెప్పు దమ్ముంటే


వేదిక నిర్వాహకుడు
ఆగస్టు 18

పేర్లొద్దు. పచ్చబొట్టు గారూ, రెండో హెచ్చరిక. శనక్కాయ గారూ, మీరు చెప్పకండి, అందరికీ వాళ్ళ వాళ్ళ ఎమ్మెల్యేనే గుర్తొచ్చాడు, చాలు.


టీచరమ్మ
ఆగస్టు 19

వీధి గారూ మీ ఊరి పది వేల లెక్క ఏమైనా దొరికిందా? మా సెక్రటరీని అడిగితే పంచాయతీ నోటీసు బోర్డు మీద పెడతామన్నాడు, బోర్డుకి అద్దం ఉంది, అద్దానికి తాళం ఉంది, తాళం చెవి బదిలీ అయిపోయిన పాత సెక్రటరీ దగ్గరుందట.


రాములవారి వీధి
ఆగస్టు 20

దొరికింది. మా తమ్ముడు వార్డు మెంబరు కాబట్టి బతిమాలి ఫోటో తీయించా. షామియానా కుర్చీలు 3,200. మైకు 2,500. బూందీ 2,400. పూలు, దండలు 900. ఫ్లెక్సీ 950. మొత్తం 9,950. ఫ్లెక్సీ మీద గాంధీగారు పోస్టేజీ స్టాంపంత, భర్తగారు నిలువెత్తు. సర్పంచ్ అని పేరు మాత్రం ఆవిడది, ఫోటో ఆయనది. తాడుకి పద్దు లేదు.


ట్రెజరీ మాస్టారు
ఆగస్టు 20

సీలింగ్‌కి 50 రూపాయలు తక్కువ. అనుభవం ఉన్నవాడే రాశాడు. ఏ ఆడిటరూ ముట్టుకోడు.


సిరిసిల్ల మగ్గం
అక్టోబర్ 3

త్రెడ్ పైకి లేపుతున్న, ఏమనుకోకుర్రి, దుఃఖం ఆగుతలేదు.

నిన్న దసరా. నిన్ననే గాంధీ జయంతి. తెలంగాణల దసరా అంటే ఏందో ఆంధ్రోళ్ళకు తెల్వదు కావచ్చు, జమ్మి వెట్టుడు, పాలపిట్టను జూసుడు, అలయ్ బలయ్, ఆ తర్వాత ముక్క, సుక్క. ఏడాదికొక్కసారి అల్లుడు ఇంటికొస్తడు. అసొంటి రోజు వైన్స్ బంద్, మటన్ దుకాణాలు బంద్. ఒకటో తారీఖు రాత్రి మా దిక్కు వైన్స్ ముంగట లైన్ చూస్తే నోట్ల రద్దు యాదికొచ్చింది. మా బావ ముందుజాగ్రత్తతోని మేకను బుధవారమే కోపిచ్చి ఫ్రిజ్‌ల వెట్టిండు. గురువారం పొద్దుగాల కరెంటు వోయింది. ఇగ మాట్లాడకుర్రి.

పైంగ సర్పంచ్ ఎలక్షన్ల కోడ్ 29నే వచ్చింది. పోటీ జేద్దామన్నోళ్ళు ఊరంత దావత్ ఇద్దామని చూస్తుంటే అటు గాంధీ, ఇటు కోడ్. మా ఊళ్లె ఏడాదిన్నర దాటింది సర్పంచే లేక, స్పెషల్ ఆఫీసరే జెండా ఎగరేస్తుండు. గాయన మూడు ఊళ్ళకు ఒక్కడే, ఆగస్టు 15న మా ఊరికి వచ్చేసరికి పిల్లలు ఇండ్లకు వోయిర్రు.


ట్రెజరీ మాస్టారు
అక్టోబర్ 3

మగ్గం గారూ మీ దుఃఖానికి సానుభూతి. ఇంకో లెక్క చూడండి. నిన్న గాంధీ గారి కోసం వైన్ షాపు మూశారు, బాగుంది. అదే సమయంలో మీ రాష్ట్రంలో 2,620 షాపుల కొత్త లైసెన్సులకి దరఖాస్తుల గడువు నడుస్తోంది, ఒక్కో దరఖాస్తుకి 3 లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా తిరిగివ్వరు. 2023లో 2 లక్షల చొప్పున దాదాపు 1.32 లక్షల దరఖాస్తులొచ్చి 2,640 కోట్లు ఖజానాకి చేరింది, ఒక్క సీసా అమ్మకుండానే. ఆంధ్ర తక్కువేం తినలేదు, పోయిన అక్టోబర్‌లో 3,396 షాపులకి దాదాపు 90 వేల దరఖాస్తులు, 1,800 కోట్లు. అందులోంచే మీకు పింఛను, మీ చీర, కోడలు గారి బస్సు టికెట్టు. ఏడాదిలో రెండు మూడు రోజులు షాపు మూసేది బాపూజీ మీద గౌరవంతో, మిగతా రోజులు తెరిచేది జీతాలివ్వడానికి. నా పెన్షన్ కూడా అందులోదే కాబట్టి నేను ఎక్కువ మాట్లాడకూడదు.


డల్లాస్ బాబాయ్
అక్టోబర్ 3

మా ఊరి బడికి కొత్త జెండా స్తంభం, స్టీలుది, వేయిద్దామని మా బ్యాచ్ వాళ్ళం డబ్బులు పోగేశాం. పంచాయతీకి పంపాలా, ఎవరికి పంపాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.


టీచరమ్మ
అక్టోబర్ 4

పంచాయతీకి వద్దు, ఎవరి పర్సనల్ ఫోన్ పేకి అసలే వద్దు. మీ బడి పేరెంట్స్ కమిటీకి బ్యాంకు ఖాతా ఉంటుంది, హెచ్చెమ్‌తో మాట్లాడి దానికి పంపండి, రసీదు అడగండి. ముందే ఒక షరతు పెట్టండి, దిమ్మె మీద దాతల పేర్లతో గ్రానైట్ పలక అక్కర్లేదని. పలకకి స్తంభం కన్నా ఎక్కువవుతుంది, ఆవిష్కరణకి ఎవర్ని పిలవాలని గొడవొచ్చి ఏడాది ఆగిపోతుంది. మా పక్క ఊళ్లో అలాగే ముసుగేసి ఉంది ఇప్పటికీ.


పచ్చబొట్టు
అక్టోబర్ 4

ఈ గోలంతా సరే గానీ వచ్చే ఏడాది ఎలా పడ్డాయో ఎవరన్నా చూశారా


ట్రెజరీ మాస్టారు
అక్టోబర్ 4

2026లో జనవరి 26 సోమవారం. అక్టోబర్ 2 శుక్రవారం. ఆగస్టు 15 శనివారం.


వేరుశనక్కాయ
అక్టోబర్ 4

శనివారమా! ఒకటి పాయె.


కంకిపాడు కోడలు
అక్టోబర్ 4

జనవరి సోమవారం అంటే 24, 25, 26, అరకు వెళ్ళొచ్చు. అద్దాల బోగీకి టికెట్లు ఎన్ని రోజుల ముందు తీయాలో చెప్పండి ఎవరైనా


పచ్చబొట్టు
అక్టోబర్ 4

60 రోజుల ముందు ఓపెన్ అవుతాయి, పొద్దున ఎనిమిదింటికి కూర్చో, ఐదు నిమిషాల్లో అయిపోతాయి. శనక్కాయ్ నువ్వూ వస్తావా, గుంతకల్లు నుంచి రైలుందిగా


వేరుశనక్కాయ
అక్టోబర్ 4

వస్తా పచ్చబొట్టన్నా. రాజకీయం మాట్లాడకుంటే వస్తా.


టీచరమ్మ
అక్టోబర్ 4

మీకేం, వెళ్ళిరండి. 26న పొద్దున్నే ఏడింటికి నేను బడిలో ఉండాలి, జెండాకి ముందు ఫోటో ఒకటి, తర్వాత ఫోటో ఒకటి.